రంగంలో చాప, సింగపూరులో పెట్టె

పోయిన సంక్రాంతికి ఊరు వెళ్ళాను. పలాసలో రైలు దిగి, కాశీబుగ్గ దాటి సముద్రం వైపు మళ్ళితే రెండు పక్కలా జీడితోటలు, వాటి వెనుక కొబ్బరి. ఉద్దానమంటే ఉద్యానమేనని మా వైపు చిన్నపిల్లలు కూడా చెబుతారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ తోటలను పడగొట్టినప్పుడు ఇక లేవవనుకున్నాం. కొత్తగా నాటిన మొక్కలు ఇప్పుడు మనిషెత్తు దాటాయి. మనుషులు మాత్రం, అంతకుముందు నుంచే వెళుతున్నవాళ్ళు, ఇంకా వెళుతూనే ఉన్నారు.

భోగి సాయంత్రం మా చిన్నాన్నగారి మనవడు ఒక కాగితం పట్టుకొచ్చాడు. టెక్కలిలో వెల్డింగు నేర్చుకున్నాడు. సింగపూరులో పని కుదిరింది. జీతం, ఓవర్‌టైము, సెలవులు, అన్నీ రాసి ఉన్నాయి. అడుగున ఒక వాక్యం: బస కంపెనీదే.

"పెదనాన్నా, నువ్వు సింగపూరులో ఉండొచ్చావు గదా. బస ఆళ్ళే ఇస్తారంట. బాగుంటాదా?" అన్నాడు.

"నేనున్నది మూడు రాత్రులురా. అదీ పెట్టెలో" అన్నాను.

పెట్టె సంగతి విని అందరూ నవ్వారు. అరుగు మీద కూర్చున్న మా మేనత్త మాత్రం నవ్వలేదు. ఎనభై దాటిన మనిషి. "మీ తాత రంగంలో చాప మీద పడుకున్నాడు, నువ్వు సింగపూరులో పెట్టిలో పడుకున్నావు. ఈడెక్కడ పడుకుంటాడో సూడు ముందు" అంది.

ఆ మాట పట్టుకుని ఈ టపా రాస్తున్నాను.

ముందు నా పెట్టె సంగతి చెప్పి పక్కన పెడతాను. కొన్నేళ్ళ కిందట ఆఫీసు పనిమీద సింగపూరు వెళ్ళి, పని ముగిశాక మూడు రోజులు సొంత ఖర్చుతో ఉండాలనుకున్నాను. అంతవరకూ నేనున్న హోటలు గది ఒక్క రాత్రి అద్దెతో మా ఊళ్ళో ఒక కుటుంబానికి నెల సరుకులు వస్తాయి. చవక బస కోసం అంతర్జాలంలో వెతకడం మొదలుపెట్టాక అదొక విద్య అని తెలిసింది. ధరల వరుసలో అన్నింటికన్నా అడుగున ఉన్నవాటిని వదిలేయాలి. అంతకుముందు బస చేసినవాళ్ళ మాటల్లో 'నల్లులు' అన్నది ఒక్కసారి కనబడినా వదిలేయాలి. రైలు స్టేషనుకు దూరమైతే అద్దెలో మిగిలింది టాక్సీకి పోతుంది. ఎన్ని పడకలకు ఎన్ని స్నానాల గదులు? లాకరు పడక పక్కనా, కింది అంతస్తులోనా? పై అరా, కింది అరా? యాభై దాటిన మోకాళ్ళకు కింది అరే క్షేమం.

చివరికి లిటిల్ ఇండియాలో ఒకటి దొరికింది. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న అర. ఒక దీపం, ఒక ప్లగ్గు, ముందు లాక్కునే తెర. బాగానే నిద్రపట్టింది. పొద్దున్నే బయటికొస్తే ఎదురుగా 'టెక్కా' అన్న బోర్డు. టెక్కలి గుర్తొచ్చి ఒక్క క్షణం గుండె కొట్టుకుంది. అది చీనావాళ్ళ మాట, వెదురు పొదల మొదలు అని అర్థమట. అయినా ఆ మూడు రోజులూ దాన్ని నేను టెక్కలి మార్కెట్టనే అనుకున్నాను.

ఈ పెట్టెల హోటళ్ళు జపానులో మొదలయ్యాయి. కిషో కురొకావా అనే వాస్తుశిల్పి రూపకల్పన చేసిన మొదటి క్యాప్సూల్ హోటలు 1979లో ఒసాకాలో తెరుచుకుంది. రాత్రి ఆఖరి రైలు తప్పిపోయిన ఉద్యోగి టాక్సీకి పెట్టేకన్నా తక్కువలో ఒళ్ళు వాల్చుకోవచ్చు, అదీ ఆలోచన. మన దేశంలో 2021 నవంబరులో ముంబయి సెంట్రల్ స్టేషనులో 48 అరలతో రైల్వేవాళ్ళ పాడ్ హోటలు వచ్చింది; అప్పట్లో పన్నెండు గంటలకు 999 రూపాయలు. 2025లో మన విశాఖపట్నం స్టేషనులోకీ వచ్చాయి. మా పలాసవాళ్ళు తెల్లవారుజాము రైలు కోసం ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరచుకునే స్టేషను అది.

కొత్త వింతలాగే ఉంది గాని, మనిషి పొడవును కొలిచి నిద్రను అమ్మడం పాత వ్యాపారమే. లండనులో 1851 నాటికే బీదవాళ్ళ బసల మీద పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది. 1892లో అక్కడే వాక్స్‌హాల్‌లో లార్డ్ రౌటన్ అనే ప్రభువు కూలివాళ్ళ కోసం ఒక పెద్ద ఇల్లు తెరిచాడు: రాత్రికి ఆరు పెన్నీలు, మనిషికొక చిన్న అర, ఎవరి అర వారిది. ఒసాకా పెట్టెకు ముత్తాత ఎవరని అడిగితే నేను ఆ రౌటన్ ఇంటినే చూపిస్తాను.

మరి మన తీరంలో? ఇక్కడ బస అంటే సత్రం. జగన్నాథం వెళ్ళే బాట ఈ తీరం వెంబడే. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో కాశీకి బయలుదేరి, తిరుగుదారిలో జగన్నాథం, గంజాం, శ్రీకాకుళం మీదుగా దిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. 1838లో అచ్చయిన ఆయన యాత్రాచరిత్ర చదివితే, ఆ రోజుల్లో ప్రయాణీకుడి మొదటి చింత బసేనని ప్రతి మజిలీలోనూ తెలుస్తుంది. సత్రం భోజనం, మఠం నిద్ర అని మనవాళ్ళు ఎద్దేవాగా అంటారు గాని, అణా లేనివాడికి కూడా ఆ రాత్రికి కప్పు దొరికే ఏర్పాటు అది. గొప్పదే. అయితే కులాన్నిబట్టి పంక్తులూ వసారాలూ మారేవన్నది కూడా దానితోపాటు చెప్పుకోవాలి. పైగా సత్రం దారిలో ఉంటుంది, పనున్న ఊళ్ళో ఉండదు. ఒకటి రెండు రాత్రులు గడిపి ముందుకు సాగేవాడికి అది చాలు. ఆరు నెలలు ఒకచోట మూటలు మోయవలసినవాడికి చాలదు.

అలాంటివాడి పట్నం రంగూను. మా వైపు రంగూను అనరు, 'రంగం' అంటారు. రంగం ఎల్లాడు, రంగం డబ్బు, రంగం మేడ. నా చిన్నతనంలో ఇంట్లో రంగం పేరు విననిరోజు లేదు, గోడ మీద పటం మాత్రం తిరుపతి వెంకన్నది.

ఎందుకు వెళ్ళారన్న ప్రశ్నకు పెద్ద పరిశోధన అక్కర్లేదు. మనది అప్పుడు గంజాం జిల్లా. 1866 కరువు ఒరిస్సాతోపాటు ఈ జిల్లానూ పట్టి పీడించింది. 1889లో మళ్ళీ వచ్చింది. అవతలి గట్టున 1852 యుద్ధంతో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఆ డెల్టా బియ్యానికి ఐరోపా గిరాకీ పెరిగింది. కోతలకు, మిల్లులకు, రేవులో మూటలకు చేతులు కావాలి. గోపాలపురం నుంచో కళింగపట్నం నుంచో స్టీమరు డెక్కు మీద మూడు నాలుగు రాత్రులు. వర్షాలు వెనకబడ్డాక వెళ్ళడం, మళ్ళీ వర్షాలకు ముందు తిరిగి రావడం. అక్కడివాళ్ళు మన మనుషులందర్నీ కలిపి 'కోరంగీలు' అనేవారు. 1839 తుఫానులో దెబ్బతిన్న గోదావరి మొగ రేవు కోరంగి పేరది. రేవు పోయింది, పేరు మాత్రం ఆ రేవును ఎన్నడూ చూడని ఉద్దానం కూలీ నెత్తికెక్కింది, అదీ తిట్టుగా.

1931 జనాభా లెక్కల నాటికి రంగూనులో నాలుగు లక్షలమంది ఉంటే అందులో రెండు లక్షల పన్నెండు వేలమందికి పైగా భారతీయులే. వలసవాళ్ళు దిగే రేవుగా 1920ల చివర దాన్ని న్యూయార్కుతో పోల్చేవారు. కాని ఊరికి పెరగడానికి చోటు లేదు. ఒకవైపు నది, ఇంకోవైపు పజుండాంగ్ కాలువ, ఉత్తరాన చెరువులూ శ్వేడగోన్ గుడీ. మధ్యనున్న పల్లపు నేలను ఇంగ్లీషువాళ్ళు మెరకచేసి, గళ్ళచీరలా వీధులు గీసి అమ్మారు. అద్దెలు ఆకాశానికి వెళ్ళాయి. కోతల కాలంలో వేలమంది ఒక్కసారిగా ఓడ దిగితే ఆ అద్దె కట్టేదెవరు?

మేస్త్రీ కడతాడు. కథంతా ఇక్కడే ఉంది.

ఊళ్ళో బయానా ఇచ్చేది మేస్త్రీ, ఓడకు టిక్కెట్టు కొనేది మేస్త్రీ, రేవులో దించుకుని ఇంటికి తీసుకెళ్ళేది మేస్త్రీ. ఆ 'ఇల్లు' ఒక అంతస్తులో ఒక పొడవాటి గది. పగలు చాపలు చుట్టి గోడకి ఆనించి ఉంటాయి, రాత్రి నేలంతా చాపలే. ఇంటికి మునిసిపాలిటీ లైసెన్సు ఉండేది. ఎంతమంది ఉండవచ్చో అందులో రాసి ఉండేది. కాగితం మీద ఒక లెక్క, నేల మీద ఇంకొక లెక్క. 1929లో విట్లీ అధ్యక్షతన వేసిన కార్మిక రాయల్ కమిషను బర్మాకు వెళ్ళి విచారించింది, 1931 నాటి నివేదికలో రంగూను కూలీల బసల ఇరుకు గురించి గట్టిగానే రాసింది. అక్కడ వలస వ్యవహారాల ఉద్యోగిగా పనిచేసిన ఇ.జె.ఎల్. ఆండ్రూ రంగూనులోని భారతీయ కూలీల మీద ఏకంగా ఒక పుస్తకమే 1933లో అచ్చువేశాడు. ప్రభుత్వానికి తెలియక జరిగిందేమీ లేదు.

మా తాత బియ్యం మిల్లులో మూటలు మోశాడు. ఆయన చెప్పగా నాయనమ్మా, ఆమె చెప్పగా మా అత్తా మోసుకొచ్చిన మాటలివి: ఒకడు పక్కకి తిరిగితే పక్కవాడు లేవాల్సిందే. రాత్రి పనివాళ్ళు పొద్దున వచ్చి, పగటి పనివాళ్ళ చాపల మీదే పడుకునేవారు. చాప చల్లబడేది కాదు. తాతకొక రేకుపెట్టె ఉండేది. అందులో మార్చుకునే పంచె, మిగిల్చిన డబ్బు, మా నాయనమ్మకు కొన్న లుంగీ గుడ్డ. ఆ పెట్టె తాళంచెవి మాత్రం మేస్త్రీ మొలతాడుకుండేది. "దొంగలు ఎక్కువ, నా కాడుంటే పదిలం" అనేవాడట. బయానా తీరేదాకా తాళంచెవి తిరిగి రాలేదు.

మీ ఇళ్ళలో కూడా ఇలాంటి రంగం కబుర్లుంటే దయచేసి రాసి పెట్టండి. పెద్దవాళ్ళతోపాటే ఇవి కూడా పోతున్నాయి.

చాపకు విడిగా అద్దె అడిగిన జ్ఞాపకం మా ఇంట్లో ఎవరికీ లేదు. "బస ఉచితమే" అనే చెప్పేవారు. అద్దె లెక్క పుస్తకంలో ఉండేది. ఓడ టిక్కెట్టు, బయానా, బియ్యం, చాప అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోయి, సీజను చివర కూలిలోంచి కోత పడేది. చదువురాని మనిషికి ఏది ఎంతో తెలిసే దారి లేదు. ఆ గది నచ్చకపోతే వేరే గదికి పోవచ్చు కదా అంటారా? పోతే పని పోతుంది. పని మానేద్దామంటే పడక పోతుంది. రెండూ పోయినవాడికి తిరుగు టిక్కెట్టు లేదు, పెట్టె తాళమూ లేదు. చాప ఇరుకు ఒక బాధ. చాపా పనీ ఒకే మొలతాడుకు కట్టి ఉండడం మరో బాధ. ఈ రెండోది ఏ లైసెన్సు కాగితంలోనూ కొలిచేది కాదు.

అలాగని మేస్త్రీని రాక్షసుణ్ణి చేయడానికి నా మనసొప్పదు. భాష రాని మహానగరంలో దిగినవాడికి తెలుగు మాట, తన ఊరి వంట, జ్వరమొస్తే గంజి కాచి పోసేవాడు, ఇంటికి ఉత్తరం రాసిపెట్టేవాడు ఆ గదిలోనే దొరికేవారు. ఆ రోజుల్లో విడిగా ఒక పడక అద్దెకు తీసుకునే స్వేచ్ఛ మా తాతకిచ్చి ఉంటే, మొదటి వారంలోనే మోసపోయి ఉండేవాడేమో. మేస్త్రీల్లో చాలామంది ఒకప్పుడు ఆ చాపల మీద పడుకున్నవాళ్ళే. 'పాతకాలపు ఆప్యాయతలు' అని కొందరు, 'దోపిడీ' అని కొందరు చెప్పేది ఒకే గది గురించి. ఇద్దరు చెప్పేదీ నిజమే.

ఆ గదుల మీద 1930 మేలో దెబ్బపడింది. రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మావాళ్ళను పనిలోకి దించాయి. కొన్నాళ్ళకు సమ్మె పరిష్కారమై మనవాళ్ళు పనికి తిరిగి వచ్చారు. 26వ తేదీ ఉదయం పనికని వచ్చిన బర్మా కూలీలకు ఇక మీ అవసరం లేదన్నారు. రేవులో మొదలైన కొట్లాట ఊళ్ళోకి పాకింది. నాలుగైదు రోజుల్లో వందమందికి పైగా చచ్చిపోయారు, వందలమంది గాయపడ్డారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. ఒకే గదిలో పదులకొద్దీ కోరంగీలు దొరుకుతారని ఊరందరికీ తెలుసు కనుక వెతికే పని లేకపోయింది. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళను తెచ్చి పాత పిచ్చాసుపత్రి భవనంలో పెట్టారు. అంత నగరంలో వాళ్ళకు అద్దె లేకుండా, మేస్త్రీ లేకుండా దొరికిన మొదటి బస అదే.

మా తాత ఆ ఏడే తిరిగొచ్చేశాడు. పెట్టె రాలేదు. తరవాతి కథ అందరికీ తెలిసిందే: 1937లో బర్మా విడిపోయింది, 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షలమంది అడవుల్లో కాలినడకన బయలుదేరారు, మిగిలినవాళ్ళలో ఎందరో 1960లలో నెవిన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక వచ్చేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు ఆ పేరుతోనే ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మావాడి కాగితం దగ్గరికి వస్తాను.

సింగపూరులో పర్మిటు మీద పనిచేసే కూలీకి బస చూపించే బాధ్యత చట్టప్రకారం యజమానిదే. మనిషిని తిరిగి పంపేదాకా ఆ బాధ్యత తీరదు. మా తాత కాలంతో పోలిస్తే ఇది చిన్న మార్పు కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు మూడు లక్షలకు పైగా కార్మికులుండే ఆ డార్మిటరీలలోనే అది దావానలంలా వ్యాపించింది. ఆ దేశంలో ఆ ఏడాది నమోదైన కేసుల్లో అత్యధికం అక్కడివే. 2021లో కొత్త కొలతలు పెట్టారు: ఇకపై కట్టే డార్మిటరీలలో గదికి పన్నెండుగురికి మించరాదు, మనిషికి కనీసం 4.2 చదరపు మీటర్ల చోటుండాలి.

లెక్క వేసి చూశాను. నా పెట్టె రెండు చదరపు మీటర్లు. కొత్త డార్మిటరీలో మావాడికి దక్కే చోటు, కాగితం మీద, నా చోటుకు రెండింతలు! అయినా నేను వాడి మీద జాలిపడుతున్నాను, వాడు నా పెట్టె విని నవ్వాడు. ఎందుకో ఆలోచించాను. నా అర ముందు తెర నా చేతిలో ఉంది. నచ్చకపోతే మరునాడు వేరేచోటికి పోయేవాణ్ణి. పోయినా నా ఉద్యోగానికేమీ కాదు. పక్క అరలో ఎవరున్నారో నాకు తెలియదు, తెలుసుకోలేదు కూడా. మూడు రాత్రులూ ఎవరూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. జ్వరమొస్తే గంజి పోసేవాడు అక్కడ లేడు. రెండు మీటర్ల పెట్టెకు నేను కట్టినదాంట్లో సగం, ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేకపోవడానికి కట్టిన అద్దె అనిపించింది.

వాడితో ఇవేవీ చెప్పలేదు. పనికొచ్చేవే చెప్పాను. అక్కడి ప్రభుత్వం నుంచి వచ్చే అనుమతి ఉత్తరంలో జీతమెంతో, అందులో కోతలెంతో రాసి ఉంటుంది, ఏజెంటు నోటిమాటకూ దానికీ తేడా ఉంటే ఉత్తరమే లెక్క అన్నాను. బస ఉచితమంటే కోతల గడిలో సున్నా ఉండాలి. ఉందో లేదో చూడు. ఆ ఉత్తరం నకలు ఇంట్లో ఒకటి, ఫోనులో ఒకటి ఉంచు. పాసుపోర్టు ఎవరడిగినా దాచుకోమని ఇవ్వకు. "పదిలంగా ఉంటుంది" అని ఎవడైనా అంటే అస్సలు ఇవ్వకు.

వాడు ఉత్తరం తీశాడు. బసకు కోత సున్నానే. భోజనానికి మాత్రం నెలకింత అని ఉంది, ఏజెంటు దాని ఊసెత్తలేదు. వాళ్ళ నాన్న మొహం చిన్నబోయింది. ఆ రాత్రి చాలాసేపు లెక్కలు వేసి, వెళ్ళడానికే నిశ్చయించుకున్నారు. తోటలో మొక్కలు కాపుకు రావడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది.

పోయిన నెల ఫోను చేశాడు. పన్నెండు మంచాల గది, పై మంచం దొరికింది. పక్క మంచం బారువ కుర్రాడిదట. ఆదివారాలు ఇద్దరూ కలిసి టెక్కా వెళ్ళి చేపలు తెచ్చుకుని వండుకుంటున్నారట. "తాత చాప కన్నా ఎడల్పేలే పెదనాన్నా" అన్నాడు.

అత్తకి చెప్పాను. అంతా విని, "పెట్టి తాళం ఎవుడి కాడుందో అడిగేవా?" అంది.

అడగలేదు. ఈ ఆదివారం ఫోనులో అడగాలి.